పెద్దల కాలినిలుకడయు, దృశ్యారోప వ్యాయామమును
(వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



ఆహ్వానసంఘమువారు మమ్ము పిలిచి, విద్యావ్యాప్తినిగూర్చియో, వివాహములందలి దుర్వ్యయమునుగూర్చియో నాలుగు మాటలు చెప్పవలసినదిగా కోరిరి. ఆ విషయములందు మాకంటె సమర్థులు నిన్నటినుండియు నుపన్యసించుచునే యున్నారు. కావున వారి యనుమతితో మేము వేరొక విషయమును గైకొంటిమి. మన యిండ్లలోని పెద్దలు కాలుజారి పడుటయు, ఆ పాటును తగ్గించుటకు లోకమున క్రొత్తగా బయలుదేరిన యొక వ్యాయామమును నేటి మా ప్రసంగమునకు విషయములు.

ముసలివారు పడుటయు నొక ప్రసంగవిషయమా యని కొంద రనుకొనవచ్చును. అట్లనుకొనువారు తమ గ్రామమునే యొకమారు మనసునకు దెచ్చుకొందురుగాక. తుంటియెముక విరిగి మంచము పట్టిన తల్లియో తండ్రియో లేని వాడ మన ప్రాంతమున అరుదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కనుబట్టి ఏటేట 6 లక్షల 84 వేలమంది పడిపోవుటచేతనే మరణించుచున్నారు. అనుకొనకుండ తగులు గాయములవలని మరణములలో రహదారి ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. వైద్యునియొద్దకు పోక తప్పనంత దెబ్బ తగులు పాటులు సాలునకు 3 కోట్ల 73 లక్షలు. చనిపోవువారిలో 60 ఏండ్లు దాటినవారే యెక్కువ. నూటికి 80 మందికి పైగా మనవంటి మధ్యమాదాయ, అల్పాదాయ దేశములవారు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికే మన దేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు మించియుండిరి.

రహదారి ప్రమాదమునకు పోలీసు లున్నారు, పత్రిక లున్నవి. స్నానపుగదిలో పడిన అవ్వకు ఏ పత్రికయు లేదు. ‘ఆమెకు కాలము వచ్చినది’ అని యిరుగుపొరుగువారు సరిపెట్టుకొందురు. ఈ మాటను మే మొప్పుకొనజాలము. కాలము వచ్చుట వేరు, కాలు జారుట వేరు. మొదటిది మన చేతిలో లేదు. రెండవది చాలవరకు మన చేతిలోనే యున్నది.

మన గౌడకులమువారికీ విషయము మరింతగా చెవి కెక్కవలసియున్నది. నేడు డెబ్బదియేండ్ల ప్రాయమున నున్న మన పెద్దలలో ననేకులు యౌవనమున దినదినమును తాటిచెట్లెక్కి దిగినవారు. మోకు నడుమునకును మ్రానికిని చుట్టి, ముత్తాదు తగిలించుకొని, కాళ్లకు బంధము వేసికొని, కొబ్బరికాయ పడినను పగులునంత యెత్తున కూర్చుండి కల్లు గీచి లొట్టి దించినవారు. అట్టివారితో “తాతా, చేతికఱ్ఱ పట్టుకొనరాదా” యన్నచో, “చెట్టెక్కిన కాళ్లురా యివి, నేలమీద జారునా” యని కసరుదురు. ఆ యభిమానము మాకును గౌరవాస్పదమే. కాని దేహమునకు అభిమానముతో పనిలేదు. చెట్టెక్కువాడు చేతులతోను, పాదములతోను, నడుముకట్టుతోను మ్రానిని అంటిపెట్టుకొని యుండును. నేలపై నడచువానికి అట్టి పట్టేదియు లేదు. ప్రతి యడుగునందును కొంతసేపు వాడు ఒంటికాలిమీదనే యుండును. ఒక పనిలో సాధించిన నిలుకడ మఱియొక పనికి తనంత తాను సంక్రమింపదు. పైగా గీత వదలి యిరువదియేండ్లైన కాళ్లు తమ విద్యను చాలవరకు మరచిపోవును. చెట్టునుండి పడువారి విషయమున ప్రభుత్వము ఆలస్యముగానైనను మేల్కొని 2024 జూలైలో ‘కాటమయ్య రక్షణ కవచము’ల పంపిణీ ప్రారంభించినది. నేలమీద పడువారి కవచమును మనమే సమకూర్చుకొనవలసియున్నది.

ఆ కవచ మేమో చెప్పుటకుముందు మనుష్యుడు ఎట్లు నిలుచుచున్నాడో రవంత చూతము. నిలుచుండుట యేమంత పని యని తోచును గాని, అది ముగ్గురు సాక్షుల వాఙ్మూలమును క్షణక్షణము విచారించి తీర్పు చెప్పు న్యాయస్థానపు వ్యవహారమువంటిది. మొదటి సాక్షి కన్ను. రెండవది లోచెవి, అందలి మూడు అర్ధవలయ నాళములు తల యెటు తిరిగినదియు, వాని చెంతనున్న రెండు చిన్న సంచులు తల యెటు వంగినదియు తెలుపుచుండును. మూడవది అరికాళ్లు, చీలమండలు, మోకాళ్లలో నుండు స్పర్శజ్ఞానము. తీర్పు చెప్పునది మెదడు, అమలు జరుపునవి కండలు. వయస్సు మీరినకొలది కంటికి పొర కమ్మును, లోచెవి మందగించును. మధుమేహము గలవారికి అరికాలు మొద్దుబారును. ముగ్గురిలో నొకరు చెడినను మిగిలిన యిద్దరు కొంతవరకు కాచుకొందురు. 19వ శతాబ్దమున బెర్లిను నగర వైద్యుడగు మోరిట్జ్ రోంబెర్గ్ అనునాతడు రోగిని పాదములు చేర్చి నిలువబెట్టి కన్నులు మూయించి చూచుచుండెను. కాలిస్పర్శ చెడినవాడు కన్ను మూసినంతనే తూలును. ఏలయన, అంతవరకు వానిని నిలిపినది కన్నే. తెల్లవారుజామున సబ్బునురుగు కంట బడకుండ రెప్పలు మూసికొని ముఖము కడుగుకొను మన పెద్దలు ఆ పరీక్షనే, పట్టుకొనుటకు మనిషి లేకుండ, తమకు తాము పెట్టుకొనుచున్నారు.

ముగ్గురు సాక్షులు తడబడినను కండలో సత్తువయున్నచో, తూలినవాడు చటుక్కున ఒక యడుగు వేసి నిలద్రొక్కుకొనును. పడుటకును పడకుండుటకును నడుమనున్నది పెక్కుమారులు ఆ యొక్క యడుగే. అది యాలసింపరాదు, పొట్టిది కారాదు. మేము నేడు చెప్పబోవు వ్యాయామమంతయు ఆ యొక్క యడుగుకొరకే యని యెరుగుడు.

నిద్రమాత్రలును, రక్తపుపోటు మాత్రలును కొందరిని తూలించును. మంచముమీదినుండి గబాలున లేచినపుడు రక్తపుపోటు తగ్గి కన్నులు చీకట్లు క్రమ్మును. వీనిని వైద్యునితో చెప్పి సరిచేయించుకొనవలయును. అంతకంటె గడ్డు శత్రువు భయము. మా యెరుకలో తాండూరు ప్రాంతపు పెద్ద యొకరు మూడుమారులు పడియు ఇంట చెప్పలేదు. చెప్పినచో కుమారులు పొలమునకు పోనీయరని వారి జంకు. నాలుగవమారు పడినపిదప భయము తానే వారిని పొలమునకు పోనీయక ఆపినది. పడుదునను భయముచే తిరుగుట మానుదురు. తిరుగుట మానినందున కండ కరగును. కండ కరగినందున పడుదురు. ఈ చక్రమును ఎచ్చటనో యొకచోట త్రెంపవలయును.

ఇచ్చట మన ప్రాంతపు సంగతి యొకటి చెప్పక పోరాదు. తాండూరు పేరు వినగానే లోకులకు స్ఫురించునవి రెండు: కందులు, బండలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ముసలివారి కండకు మాంసకృత్తులు వలయును గనుక, పండ్లు లేవని పలుచని చారుతో సరిపెట్టుకొను పెద్దలకు ముద్దపప్పు పెట్టుడని మా మనవి. బండల మాట వేరు. మన గనులలో పొరలు పొరలుగా లేచు ఆ సున్నపురాయి, నీలిదియు పసుపుదియు, ఎన్ని వేల కుటుంబములకు అన్నము పెట్టుచున్నదో మన మెరుగుదుము. వేసవిలో చల్లన, కొనుటకు చవుక. ఐనను అద్దమువలె పాలిషు పట్టిన బండపై సబ్బునీరు పడినచో కుఱ్ఱవాడే నిలువలేడు. స్నానపుగదిలోను, కుళాయి చెంతను, మెట్లమీదను పాలిషు పట్టని గరుకుబండ పరచుడు. గనినుండి వచ్చినది వచ్చినట్లు పరచినచో ఖర్చును తక్కువయే. ప్రక్క గోడకు పట్టుకొనుటకొక యినుపకమ్మి బిగింపుడు. బండ లమ్ము ఊరివారమై యుండియు ఈ మాట చెప్పుకొనవలసివచ్చుట చిత్రముగానే యున్నది.

నేలను సరిచేయుట సగము పని. తక్కిన సగము కాలిని సరిచేయుట. న్యూజీలండు దేశమున ఒటాగో విశ్వవిద్యాలయమువారు 1990వ దశాబ్దమున ఇంటనే చేసికొనదగిన వ్యాయామక్రమ మొకటి యేర్పరచిరి. అందులో చిత్రవిచిత్రము లేమియు లేవు. చీలమండకు చిన్న బరువు కట్టి మోకాలు చాచుట, చేతులు ఊనకుండ కుర్చీనుండి లేచుట, మడమ ముందు బొటనవ్రేలు చేర్చి గీతపై నడచుట, ప్రక్కకు నడచుట, వెనుకకు నడచుట, ఒంటికాలిపై నిలుచుట. ఇట్టి వ్యాయామములనుగూర్చి 25 దేశములలో జరిగిన 108 పరిశోధనలను, అందలి 23,407 మంది వృత్తాంతమును కోక్రేను సంస్థవారు 2019లో కూర్చి చూచిరి. వ్యాయామము చేసినవారిలో పాటులు నూటికి 23 వంతులు తగ్గినవి. ఆ సంఖ్య యొక యౌషధమునకు వచ్చియున్నచో ఆ యౌషధము ప్రతి మందుల దుకాణమునను కనబడియుండెడిది. నడక యొక్కటియే చాలునని మనలో పలువురి నమ్మకము. నడక మంచిదే, గుండెకును, చక్కెరకును మేలు. కాని పాటులను తగ్గించినట్లు రుజువైనవి ముఖ్యముగా నిలుకడను పరీక్షకు పెట్టు కదలికలు. తూలుదునేమో యనిపించని వ్యాయామము నిలుకడను నేర్పదు. వారమునకు మూడుగంటలకు తక్కువ కాకుండ, విడువక చేయవలయును. విడిచినచో ఫలమును విడిచిపోవును.

కష్టమంతయు ఆ ‘విడువక’ అను మాటలోనే యున్నది. గోడను చూచుచు ఒంటికాలిపై నిలుచుటలో ఏ రుచియు లేదు. పదిదినములు చేసి పదునొకండవనాడు ‘మోకాలు నొచ్చుచున్నది’ అని మానుట సహజము. చేయుచున్నది సరియో తప్పో చెప్పువాడు ఇంట నుండడు. సరిగా ఈ చోటనే నేటి నూతనసాధనము ప్రవేశించుచున్నది.

దీనిని ఆంగ్లమున ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ యందురు. మేము ‘దృశ్యారోపము’ అని పిలుచుచున్నాము; మంచిపేరు తోచినవారు మార్చుకొనవచ్చును. కంటికి కనబడు నిజమైన చోటిపైన, లేని వస్తువుల బొమ్మలను యంత్రసహాయమున ఆరోపించి చూపుట దీని స్వరూపము. వేదాంతశ్రవణము చేసిన పెద్దలకు త్రాడు పామైన కథ జ్ఞాపకము వచ్చియుండును. అచ్చట పాము కనబడి త్రాడు మరుగుపడును. ఇచ్చట త్రాడును కనబడుచునే యుండును, దానిపై పామును కనబడును. చూచువానికి ఏది త్రాడో యేది పామో తెలియుచునే యుండును. ఈ భేదము మన పెద్దల క్షేమమునకు సంబంధించినది. కన్నులను పూర్తిగా కప్పి వేరొక లోకమును చూపు కండ్లజోళ్లును కలవు. అవి ధరించిన ముసలివానికి తన కాలిక్రింది నేల కనబడదు, ప్రక్కనున్న కుర్చీ కనబడదు; కొందరికి తల తిరిగి వాంతి వచ్చినట్లుండును. దృశ్యారోపమున తన యిల్లును, తన కాళ్లును కనబడుచునే యుండును. పెద్దలకు మేము దీనినే మెచ్చుచున్నాము.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1968లోనే అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను పండితుడు తలకు తగిలించు దృశ్యయంత్రమును నిర్మించెను. దాని బరువునకు పైకప్పునుండి వ్రేలాడదీయవలసివచ్చెను. పేరు మాత్రము 1990 ప్రాంతమున బోయింగ్ విమానసంస్థలో టామ్ కాడెల్ అనునాతడు పెట్టినాడు. విమానములలోని తీగెలను కూర్చు పనివారికి దారి చూపుట వారి యుద్దేశము. 2016లో ‘పోకెమాన్ గో’ ఆట వచ్చి మన పిల్లలు ఫోనులు చేతబట్టి వీధులలో లేని జంతువులను వెదకినపుడు, మనము వారిని మందలించితిమి. అదే విద్య యిప్పుడు తాతల కాళ్లకు పనికివచ్చుచున్నది.

పనిచేయు తీరు వినుడు. గదిలో పెద్ద తెర యొకటి, దానిపై చిన్న కెమెరా యొకటి. ఎదుట పెద్దవారు నిలుచుందురు. తెరపై తమ రూపమే, తమ గదిలోనే, అద్దములోవలె కనబడును. నేలపై రంగు చుక్కలు మొలచును. కుడివైపు చుక్క వెలిగినపుడు కుడికాలు అచ్చట పెట్టవలయును. వెనుకది వెలిగినపుడు వెనుకకు. మోకాటి యెత్తున త్రాడు కనబడినపుడు కాలెత్తి దాటవలయును. చేయి చాచి అందుకొనవలసిన పండు కనబడినపుడు మడమ కదలింపక ఒరగవలయును. కెమెరా వారి భుజము, నడుము, మోకాలు, చీలమండల స్థానములను గుర్తించుచు, అడుగు సకాలమున పడినదియో, నడుము వంకరపోయినదియో తత్క్షణమే తెలుపును. నిన్నటికంటె నేడెంత మేలో లెక్క చూపును. కుదిరినకొలది చుక్కలు దూరదూరముగా, త్వరత్వరగా వచ్చును. ఒటాగో కదలికలే యివి. గోడకు బదులు ఆట యొకటి యెదుట నిలిచినది, తప్పొప్పులు చెప్పు గురువొకడు దొరికినాడు. మన పెద్దలకొరకు చేయించినచో చుక్కల స్థానమున ఈతపండ్లనో తాటిముంజలనో చూపింపవచ్చును. వికారాబాదువారికి అనంతగిరి మెట్లను చూపినచో, ఆ పద్మనాభస్వామి సన్నిధికి తిరిగి నడచిపోవుదుమను ఆశతోనైన కాలెత్తుదురు.

ఫలమేమి యని యడుగుట న్యాయము. కొరియా దేశమున 2013లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి కలదు. 65 ఏండ్లు దాటిన స్త్రీలు 21 మంది. అందు 10 మంది దృశ్యారోపముతోను, 11 మంది మామూలు పద్ధతిగాను ఒటాగో వ్యాయామమును 12 వారములు చేసిరి. దృశ్యారోపముతో చేసినవారికి నిలుకడ పరీక్షయందును, నడకవేగమునందును, అడుగుదూరమునందును అభివృద్ధి కనబడెను. పడుదుమను భయము తగ్గెను. కాని 21 మందిని చూచి లోకమునకు తీర్పు చెప్పరాదు. ఆ పరిశోధన కొలిచినది నిలుకడను గాని, ఏడాదిపొడుగున ఎవరెన్నిమారులు పడిరో యను లెక్క గాదు. ఆ లెక్క తీసినది ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమువారు. 2024లో వెలువడిన వారి పరిశోధనలో 65 దాటినవారు 769 మంది. కొందరికి తెరను చూచుచు నేలచాపపై సకాలమున అడుగులువేయు ఆట నిచ్చిరి. మఱికొందరికి అట్టి యాటలనే కూర్చుండి చేతులతో నాడుట కిచ్చిరి. మూడవవారికి ఉపదేశము మాత్రమే. ఏడాది గడచునప్పటికి అడుగులు వేసినవారిలో పాటులు నూటికి 26 వంతులు తగ్గినవి. కూర్చుండి యాడినవారికి చెప్పుకొనదగిన తగ్గుదల లేదు. ఆ చాప సరిగా దృశ్యారోపము కాదు, దానికి దాయాది. ఐనను మనకు కావలసిన మాట అందున్నది: తెర మాయ చేయలేదు, కాలు కదలుటయే పనిచేసినది. యంత్రమును కొని, దాని యెదుట తాతను సోఫాలో కూర్చుండబెట్టినచో ధనము వ్యర్థము.

ఆటలో మఱియొక లాభము కలదు. స్వీడను దేశమున 1997లో వృద్ధాశ్రమవాసులు 58 మందితో నడచుచు సంభాషించిరి. మాట మొదలిడగానే నడక ఆపినవారు 12 మంది. వారిలో 10 మంది ఆరునెలలలోగా పడిరి. నడకకే మనసంతయు చాలనివానికి, మాటకు కేటాయించుటకు మిగులు లేదన్నమాట. మన సంతలో, రైలుస్టేషనులో, పెండ్లిపందిరిలో ఒకేసారి పది పలుకరింపులు. చుక్క రంగు చూచి, నిర్ణయించి, అడుగు వేయు నీ యాటలో కాలును మనసును కలిసి సాధన చేయును.

యంత్రములనుగూర్చి సంఘమువారికి ముఖ్యముగా నొక హెచ్చరిక. మనిషి కదలికలను గుర్తించు ‘కైనెక్ట్’ అను సాధనమును మైక్రోసాఫ్ట్ సంస్థ 2010లో విడుదలచేసినది. పరిశోధకులు పలువురు దానిపై ఆధారపడిరి. 2017లో దాని తయారీ నిలిచిపోయెను. కావున లక్షలు పోసి యొకే సంస్థ యంత్రమును కొనరాదు. 2017, 2018 సంవత్సరములనుండి సాధారణమైన చేతిఫోనులకే దృశ్యారోపశక్తి వచ్చియున్నది. ఫోను, తెర, నిలుకడగల కుర్చీలు, గోడకు కమ్మి: ఇంతే మనకు వలయునది. ఇంతకంటె వలయునది మనిషి.

ఆ మనిషి ఫిజియోథెరపిస్టు. మొదట పరీక్షింపక యెవరిని తెరముందు నిలుపరాదు. క్రొత్తగా ఎముక విరిగినవారు, గుండెనొప్పి గలవారు, తల గిర్రున తిరుగువారు వైద్యుని యనుమతి లేక చేయరాదు. చెట్టుమీదినుండి పడి వెన్ను దెబ్బతిన్నవారు మనలో ప్రతి గ్రామమునను ఉన్నారు. వారికి వేరు క్రమము వలయును. వెనుక కుర్చీ, ప్రక్క మనిషి లేనిదే చుక్క వెలుగరాదు. నేల తడిగా నుండరాదు. ఆట రుచిమరిగి అలసట తెలియక తూలుటయు కలదు. కావున గురువు గడియారము చూచుచుండవలయును.

స్త్రీలను మరువరాదు. వయస్సు మీరిన స్త్రీల యెముకలు పురుషుల యెముకలకంటె త్వరగా గుల్లబారును గనుక, పాటుతో విరుగుట వారికే యెక్కువ. ఐనను మన సంఘకార్యములందు ‘పెద్దలు’ అన్నచో మగవారే యని అర్థము చేసికొనుచున్నాము. మన అవ్వలు మగవారియెదుట కాలెత్తి వ్యాయామము చేయరు. చేయుడని బలవంతపెట్టుటకంటె వారికి వేరు వేళయు, నేర్పుటకు ఒక స్త్రీని ఏర్పరచుట యుక్తము. చీరకుచ్చెళ్లు చీలమండకు పైకి కట్టుకొనుడని చెప్పుటకును ఆమెయే తగును.

ఇక మా ప్రతిపాదన. ఈ యేటి కార్యక్రమపత్రికలో సంఘభవనమునకు క్రొత్త ముఖద్వారము నిర్మింపవలెనను తీర్మానము కలదు. ఆ తీర్మానమును ప్రతిపాదించినవారు మాకు మిత్రులు. ద్వారము నమూనాయు సొంపుగానే యున్నది. ఐనను దానిని ఒక్క యేడు వాయిదా వేసి, ఆ ధనముతో వికారాబాదున నొకటి, తాండూరున నొకటి వ్యాయామపు గదులను తెరువవలెనని మేము ప్రార్థించుచున్నాము. ఏ కులమువారు వచ్చినను తలుపు తీయవలయును. పడునపుడు నేల కులము నడుగదు. కేంద్రప్రభుత్వమువారు 2010–11లోనే జాతీయ వృద్ధుల ఆరోగ్యసంరక్షణ కార్యక్రమమును ప్రారంభించిరి. 2023లో వికారాబాదునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. నిజాముల కాలమున క్షయరోగులు అనంతగిరి గాలికొరకు దూరదూరమునుండి వచ్చి ఆరోగ్యాశ్రమమున నుండెడివారు. అట్టి చోటినుండి మనవారు నేడొక ఫిజియోథెరపిస్టుకొరకు హైదరాబాదుపోవు రైలెక్కుట సరిగాదు. కళాశాలవారిని, ఆసుపత్రివారిని ఆశ్రయించి వారమునకు రెండుదినములు ఒకరిని పంపుడని కోరుదము. తక్కినదినములలో ఆడించుటకు మన విద్యార్థులు చాలుదురు. ఫోనులనుగూర్చి వారికి మన ముపదేశింప నక్కరలేదు.

ఫలమును కొలుచుట కొక సులభమైన కొలత కలదు. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు మామూలుగా నడచి, వెనుదిరిగి వచ్చి మరల కూర్చుండవలయును. 1991నుండి లోకమెల్ల వాడుచున్న పరీక్ష యిది. 12 సెకండ్లు, అంతకుమించి పట్టినవారిని పడు ప్రమాదమున నున్నవారుగా ఎంచవలెనని అమెరికా వ్యాధినివారణ సంస్థవారి సూచన. చేరిననాడొకమారు, మూడేసినెలల కొకమారు ఈ లెక్క వ్రాసి, పై యేటి మహాసభలో సంఘము ఆదాయవ్యయముల పట్టికతోపాటు చదివి వినిపింపవలయును. ఫలము కనబడనిచో గదులు మూసి ముఖద్వారమే కట్టుకొందము. మా కభ్యంతరము లేదు.

ప్రసంగము ముగింపబోవుచు వేదికవైపు చూచితిమి. నిన్న యిచ్చట మన పెద్దలు పదునొకండుగురికి శాలువలు కప్పితిమి. వారు ఏడు మెట్లెక్కి పైకి వచ్చిరి. ఆ మెట్లకు ఇరుప్రక్కల బంతిపూలదండలే గాని పట్టుకొనుటకు కమ్మి లేదు. ఒకరు దండనే పట్టుకొనబోయిరి. సాయంకాలపు సభలోగా అచ్చట నొక వెదురుబొంగైన కట్టింపవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము.

పందిరికి తూర్పుదిక్కున మూడు మీటర్ల దూరమున సున్నముతో గీతలు గీయించి, చేతులుగల కుర్చీ యొకటి వేయించితిమి. స్త్రీలకు వెనుకగదిలో అట్టి యేర్పాటే కలదు. గడియారము పట్టుటకు విద్యార్థులు సిద్ధముగా నున్నారు. 60 ఏండ్లు దాటిన వారెల్లరును భోజనములకు ముందే వచ్చి తమ లెక్క వ్రాయించుకొనవలసినదిగా మనవి. చెప్పులతోనే నడువవచ్చును. చేతికఱ్ఱ గలవారు కఱ్ఱతోనే రావలయును.